విశాఖ డేటా సెంటర్ల లెక్కలో మన పద్దు ఎక్కడ?



పోస్టు పెద్దది. ఓపిగ్గా చివరిదాకా చదవండి. తప్పనిపిస్తే కింద వాదించండి, కానీ చదివి వాదించండి.

2025 అక్టోబర్ 14న ఢిల్లీలో గూగుల్ ఒప్పందం జరిగింది. విశాఖలో ఏఐ హబ్ కడతారట. 2026 నుంచి 2030 దాకా ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతారు, 1 గిగావాట్ డేటా సెంటర్ వస్తుంది, సముద్రం కింద నుంచి వచ్చే కేబుళ్లు ఇక్కడే ఒడ్డుకు చేరతాయి. భాగస్వాములు అదానీకనెక్స్, ఎయిర్‌టెల్. ఆ రోజు నుంచి "విశాఖ దశ తిరిగింది" అని మెసేజ్‌లే మెసేజ్‌లు. మనవాళ్లు కూడా స్టేటస్‌లు పెట్టారు. అందులో తప్పేం లేదు. పాడేరు, చింతపల్లి, అరకు, సీతంపేట, కురుపాం నుంచి దిగి వచ్చి విశాఖలో గదులు తీసుకుని చదువుకుంటున్నవాళ్లం మనం. ఆశ లేకపోతే ఇంత దూరం రాము.

కానీ ఆశ వేరు, లెక్క వేరు. కంపెనీ తన లెక్క తాను వేసుకుంది. ప్రభుత్వం తన లెక్క చెప్పుకుంటోంది. కొండమీద ఉన్నవాళ్ల లెక్క మాత్రం ఎవరూ వేయలేదు. ఆ లెక్క మనమే వేసుకోవాలి. అందుకే ఈ పోస్టు.

ముందే ఒక మాట. మేం టెక్నాలజీకి వ్యతిరేకులం కాదు. "అడవిలో ఉండేవాళ్లకి ఇవన్నీ ఎందుకు" అనేవాళ్లతో మాకు పొత్తు లేదు. మా గొడవంతా బేరం గురించే. ఎవరు ఏం ఇస్తున్నారు, ఎవరికి ఏం వస్తోంది?

పెద్ద టెక్ కంపెనీ ఎలా ఆలోచిస్తుంది?

ఉక్కు కంపెనీకి గని కావాలి, రేవు కావాలి. ఒకసారి కొలిమి కట్టాక దాన్ని ఎత్తుకుని వేరే ఊరికి పోలేదు. టెక్ కంపెనీ అలా కాదు. దాని అసలు ఆస్తి పేటెంట్లు, సాఫ్ట్‌వేర్, చిప్ డిజైన్, బ్రాండ్. అవి కాలిఫోర్నియాలో ఉంటాయి. మనలాంటి చోట దానికి కావాల్సినవి నాలుగే: చవక భూమి, ఆగని కరెంటు, నీళ్లు, పన్ను రాయితీ. 1991 తర్వాత మన దేశంలో పద్ధతి మారింది. ఫ్యాక్టరీలు తానే కట్టిన ప్రభుత్వం ఇప్పుడు కంపెనీలను పిలిచి కూర్చోబెట్టే ప్రభుత్వం అయింది. ఇలా మారుతున్న దేశాలన్నిటిలోనూ ఈ కంపెనీలు ఆడే ఆట ఒకటే. దాన్ని నాలుగు ముక్కల్లో చెప్పుకోవచ్చు.

ఒకటి, రాష్ట్రాల మధ్య పోటీ పెట్టటం. కంపెనీ నోరు తెరిచి అడగక్కర్లేదు, కాస్త ఆగితే చాలు. గూగుల్ విశాఖకు రాగానే కర్ణాటక ఐటీ మంత్రి ప్రియాంక్ ఖర్గే 22 వేల కోట్ల రాయితీలు ఇచ్చి తెచ్చుకున్నారని విమర్శించారు. తమిళనాడులో ప్రతిపక్షం "మన దగ్గరికి ఎందుకు రాలేదు" అని అక్కడి ప్రభుత్వాన్ని నిలదీసింది. మూడు రాష్ట్రాలు కొట్టుకుంటే లాభం ఎవరికి? పెళ్లికొడుకు ఒక్కడే ఉండి పిల్లనిచ్చేవాళ్లు పదిమంది ఉంటే కట్నం పెరుగుతుంది. అంతే కదా.

రెండు, భూమి ముందు, ఉద్యోగం తర్వాత. 2025 ఏప్రిల్‌లో రుషికొండ ఐటీ హిల్ మీద టీసీఎస్‌కి 21.16 ఎకరాలు 99 పైసలకే ఇచ్చారు. తర్వాత కాపులుప్పాడలో కాగ్నిజెంట్‌కి 21.31 ఎకరాలు, అదే 99 పైసలకి. 12 వేల ఉద్యోగాలు ఒకరు, 8 వేలు ఇంకొకరు ఇస్తామన్నారు. ఇస్తే సంతోషమే. కానీ భూమి ఇవ్వటం ఇవాళ్టి పని, ఉద్యోగం రేపటి మాట. శృంగవరపుకోట దగ్గర బొడ్డవరం ప్రాంతంలో అల్యూమినా రిఫైనరీ కోసమని జిందాల్ కంపెనీకి 2007 ప్రాంతంలో భూములిచ్చారు. అందులో పేదల డీ పట్టా భూములు కూడా ఉన్నాయి. రిఫైనరీ రాలేదు. భూమి వెనక్కీ రాలేదు. ఇప్పుడు అదే భూమిలో ఎంఎస్‌ఎంఈ పార్కు అంటున్నారు, రైతులు మళ్లీ రోడ్డెక్కారు.

డేటా సెంటర్ల చరిత్ర కూడా చూడండి. 2019 ఫిబ్రవరిలో కాపులుప్పాడలో అదానీ డేటా పార్కుకి 70 వేల కోట్ల అంచనాతో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 2023 మే 3న మధురవాడలో అదే గ్రూపు డేటా సెంటర్‌కి ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 2025లో మళ్లీ అదే గ్రూపు భాగస్వామిగా గూగుల్ వచ్చింది. ప్రభుత్వాలు మారాయి, జెండాలు మారాయి, శిలాఫలకం మీద పేర్లు మారాయి. 2023 మార్చిలో విశాఖ సదస్సులో 13 లక్షల కోట్లు దాటిన ఒప్పందాలన్నారు. 2025 నవంబర్‌లో అదే విశాఖలో ఇంకో సదస్సు, మళ్లీ 13 లక్షల కోట్లు దాటిన ఒప్పందాలే. రెండు పార్టీల వాళ్లూ ఒకరినొకరు తిట్టుకుంటారు గానీ అంకె మాత్రం ఒకటే.

మూడు, తెలివి అక్కడ, వేడి ఇక్కడ. డేటా సెంటర్ అంటే సర్వర్లు ఉండే పెద్ద గోదాం. కట్టేటప్పుడు వేలమంది కూలీలు కావాలి. కట్టాక నడపటానికి సెక్యూరిటీ, ఎలక్ట్రికల్, కూలింగ్ మనుషులు కొద్దిమంది చాలు. రాష్ట్ర ప్రభుత్వం ఏటా సుమారు 1.88 లక్షల ఉద్యోగాలు అంటోంది. ఆ లెక్కలో "ప్రత్యక్ష, పరోక్ష" అనే మాట చూడండి. గేటు బయట టీ కొట్టు పెట్టుకున్న అన్న కూడా పరోక్షంలోకి వస్తాడు. గేటు లోపల జీతం తీసుకునేవాళ్లు ఎంతమంది? ఆ అంకె విడిగా చెప్పండి అంటున్నాం.

నాలుగు, కష్టమైన పని వేరేవాడి పేరు మీద. మన సంగతి ఉన్నది ఇక్కడే. గూగుల్ క్యాంపస్‌లు తర్లువాడ, అడవివరం, రాంబిల్లి దగ్గర వస్తున్నాయి. మొత్తం సుమారు 480 ఎకరాలు. ఇవేవీ షెడ్యూల్డ్ ఏరియాలో లేవు. కాబట్టి పెసా చట్టం, గ్రామసభ అనుమతి అనే మాటే రాదు. తర్లువాడ రైతులు అభ్యంతరం చెప్పారు, వాళ్ల పోరాటం వాళ్లది, మన మద్దతు వాళ్లకుంది. కానీ ఆ సర్వర్లకి కరెంటు ఎక్కడి నుంచి రావాలి?

కంపెనీ మైదానంలో, కరెంటు కొండమీద

1 గిగావాట్ అంటే 1,000 మెగావాట్లు. ఏడాదంతా నిండుగా నడిస్తే 876 కోట్ల యూనిట్లు. మనకి తెలిసిన అంకెతో పోల్చి చూద్దాం. ఎగువ సీలేరు 240 మెగావాట్లు, డొంకరాయి 25, దిగువ సీలేరు 460. విస్తరణ పనులు పక్కన పెడితే మొత్తం 725. అంటే సీలేరు లోయంతా తిరిగే టర్బైన్లన్నీ కలిపినా ఒక్క డేటా సెంటర్‌కి చాలవు.

ఆ సీలేరు, అంతకు ముందు 1955లో మొదలైన మాచ్‌ఖండ్, ఎవరి భూములు ముంచి కట్టారో మన తాతలకి తెలుసు. లైన్లు మన నెత్తి మీదుగా మైదానానికి పోయాయి. ఆ లైన్ల కింద ఉన్న గూడేల్లో కొన్నిటికి బల్బు వెలగటానికి దశాబ్దాలు పట్టింది.

ఇప్పుడు కొత్త మాట వచ్చింది, పంప్డ్ స్టోరేజీ. కొండపైన ఒక చెరువు, కింద ఒక చెరువు. సోలార్ కరెంటు ఎక్కువగా ఉన్నప్పుడు నీళ్లు పైకి తోడతారు, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు. ఎండా గాలీ లేని వేళ కూడా "గ్రీన్ కరెంటు" కావాలంటే ఇలాంటి నిల్వ కావాలి. 2030 నాటికి 24 గంటలూ కార్బన్ లేని కరెంటుతోనే నడుస్తామని గూగుల్ లక్ష్యం పెట్టుకుంది. మంచి లక్ష్యమే. కానీ ఆ కొండలు ఎవరివి? పార్వతీపురం మన్యంలో కురుకుట్టి, కర్రివలస ప్రాజెక్టులను 2022లోనే అదానీ గ్రీన్‌కి ఇచ్చారు. అల్లూరి జిల్లాలో అనంతగిరి వైపు కూడా ఇలాంటివి ఉన్నాయి. ఎగువ సీలేరు దగ్గర జెన్‌కోది 1,350 మెగావాట్ల ప్రతిపాదన ఉంది. ఇవన్నీ గూగుల్ కోసమే అని మేం అనటం లేదు. డేటా సెంటర్లు వరసపెట్టి వస్తే కొండమీద చెరువులకి గిరాకీ పెరుగుతుంది అంటున్నాం. అది కాదని ఎవరైనా చెప్పగలరా?

చూశారా ఏర్పాటు? పేరున్న కంపెనీ పట్టణంలో గాజు మేడలో ఉంటుంది. గ్రామసభతో, అటవీ హక్కుల చట్టంతో, నిర్వాసితులతో తగాదా పడే పని ఇంకో కంపెనీది. రేపు అనంతగిరిలో ఒక గూడెం లేచిపోతే ఆ వార్తలో గూగుల్ పేరు కనపడదు.

నీళ్ల సంగతీ అంతే. విశాఖ తాగే నీళ్లలో గోస్తనీ మీది తాటిపూడివి ఉన్నాయి, శారద మీది రైవాడవి ఉన్నాయి. ఆ రెండు నదులూ అనంతగిరి కొండల వైపు నుంచే దిగుతాయి. డేటా సెంటర్ ఎన్ని నీళ్లు వాడుతుందో ముందే రాసి ఇవ్వమని అడగటం అతి కాదు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం డాలెస్ అనే చిన్న ఊళ్లో గూగుల్ నీటి వాడకం చెప్పకుండా ఉండటానికి 2021లో ఊరి పాలకవర్గమే ఒక పత్రిక మీద కోర్టుకెక్కింది. చివరికి లెక్క బయటపడితే ఊరి నీళ్లలో పావు వంతుకి పైగా ఆ సెంటర్లకే పోతోందని తేలింది. ఉరుగ్వేలో 2023 కరువులో జనం రోడ్డెక్కాక, నీళ్లు బాగా తగ్గేలా గాలితో చల్లబరిచే పద్ధతికి డిజైన్ మార్చారు. అంటే అడిగినచోట మార్చారు. అడగని చోట ఎందుకు మారుస్తారు?

ఈ రైలు మనం ముందే చూశాం

కొత్తవలస-కిరండూల్ లైన్ మీద అరకు ప్యాసింజర్ ఎక్కనివాళ్లు మనలో ఉండరు. టూరిస్టులు సొరంగాలు లెక్కపెట్టుకుంటారు. ఆ లైన్ 1960ల్లో వేసింది టూరిస్టుల కోసం కాదు, మన కోసం అంతకన్నా కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తెచ్చి జపాన్ ఉక్కు కంపెనీలకి పంపటానికి వేశారు. అప్పట్లో వాళ్లది హైటెక్, మనది ముడిసరుకు. 60 ఏళ్లుగా ఖనిజం మన ఇళ్ల ముందు నుంచే పోతోంది. ఆ లైన్ చివర ఉన్న విశాఖ ఉక్కుకి మాత్రం ఈ రోజుకీ సొంత ఇనుప గని లేదు.

విశాఖ ఉక్కు ఊరికే రాలేదు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. 64 ఊళ్ల వాళ్లు భూములిచ్చారు. నిర్వాసితుల గోడు ఇంకా తీరలేదు, అది కూడా చెప్పాలి. అయినా ఆ ఫ్యాక్టరీకీ డేటా సెంటర్‌కీ ఒక పెద్ద తేడా ఉంది. అది ప్రభుత్వ సంస్థ. ఎస్టీలకి 7.5 శాతం రిజర్వేషన్ ఉంది. మన ఊళ్లలో మొదట స్లాబు ఇల్లు కట్టినవాళ్లు ఎవరో గుర్తు చేసుకోండి. టీచరు, స్టీల్ ప్లాంటు ఉద్యోగి, పోర్టు ఉద్యోగి, రైల్వే గ్యాంగ్‌మన్. ఆ ఒక్క జీతంతోనే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మేనల్లుళ్లూ చదువుకున్నారు.

2021 జనవరి 27న ఆ ఉక్కు ఫ్యాక్టరీని వంద శాతం అమ్మేయటానికి కేంద్రం నిర్ణయించింది. కార్మికులు పోరాడారు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చారు. కాంట్రాక్టు కార్మికులని తీసేస్తున్నారని గొడవ ఇంకా నడుస్తోంది. ఇటు 2000 సంవత్సరం నాటి జీవో 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఏజెన్సీ టీచర్ పోస్టులు వంద శాతం మనకే అన్న జీవో అది. తర్వాత 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది, ఆ రక్షణ లేకుండానే.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. రిజర్వేషన్‌ని ఎవరూ రద్దు చేయలేదు. రిజర్వేషన్ ఉన్న చోటుని కుదిస్తున్నారు. రిజర్వేషన్ లేని చోటుకి భూమి 99 పైసలకి ఇస్తున్నారు. ప్రజల భూమి, ప్రజల కరెంటు, ప్రజల పన్ను రాయితీ తీసుకునే కంపెనీలో ఎస్టీలకి ఒక్క శాతం కూడా రాసి పెట్టలేదు. మా అసలు కోపం ఇదీ.

"మీకు స్కిల్స్ లేవు" అనేవాళ్లకి

ఈ మాట ఇంటర్వ్యూల్లో మనలో చాలామంది విన్నాం. ఇంటర్ దాకా ఆశ్రమ పాఠశాలలో, గురుకులంలో చదివి, సగం ఏడాది లెక్కల సారు లేక, వానాకాలం కరెంటు లేక, సిగ్నల్ కోసం కొండెక్కి ఆన్‌లైన్ క్లాసు విన్న పిల్లలతో "కమ్యూనికేషన్ స్కిల్స్ లేవమ్మా" అంటారు. లోపం ఎక్కడుందో చెప్పండి.

2014 విభజన చట్టంలో గిరిజన యూనివర్సిటీ రాసి ఉంది. 2019లో విజయనగరంలో తాత్కాలిక భవనాల్లో క్లాసులు మొదలయ్యాయి. సొంత క్యాంపస్‌కి శంకుస్థాపన 2023 ఆగస్టులో జరిగింది. చట్టంలో రాసినదానికి శంకుస్థాపన దాకా తొమ్మిదేళ్లు. కంపెనీ అడిగిన భూమికి కేబినెట్ ఆమోదం కొన్ని నెలల్లో. ప్రభుత్వానికి వేగం చేతకాక కాదు, ఎవరి కోసం వేగం అన్నదే ప్రశ్న.

"ముందు కంపెనీని రానివ్వండి, తర్వాత అడుగుదాం" అని మన సీనియర్లు కొందరంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ తర్వాత అడిగితే ఏం జరుగుతుందో శ్రీపెరుంబుదూర్ చూపించింది. 2006లో నోకియా అక్కడ సెల్‌ఫోన్ ఫ్యాక్టరీ మొదలుపెట్టింది. భూమి, పన్ను రాయితీలు అన్నీ తీసుకుంది. ఒక దశలో 8 వేల మంది దాకా పనిచేశారు, చాలామంది పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలే. పన్ను వివాదం వచ్చింది, కంపెనీ ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కి అమ్మేసింది, ఈ ఫ్యాక్టరీ ఆ అమ్మకంలో చేరలేదు. 2014 నవంబర్ 1న ఉత్పత్తి ఆగిపోయింది. ఎనిమిదేళ్ల కథ. పాతికేళ్ల పిల్లలు ఇంటికెళ్లిపోయారు.

ముందే కాగితం మీద గట్టిగా రాసుకుంటే ఏమవుతుందో కూడా చూద్దాం. 2017లో అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రానికి ఫాక్స్‌కాన్ 13 వేల ఉద్యోగాలిస్తామంది. ఇవ్వలేదు. అక్కడ పన్ను రాయితీల్లో ఎక్కువ భాగం ఉద్యోగాలకీ, పెట్టుబడికీ ముడిపెట్టి ఉంది కాబట్టి 2021లో ఒప్పందం తిరగరాసి, 1,454 ఉద్యోగాలకి దించి, 285 కోట్ల డాలర్ల రాయితీని 8 కోట్లకి కోసేశారు. తైవాన్ ఇంకా ముందుచూపు చూపింది. 1976లో అమెరికా కంపెనీ ఆర్‌సీఏ నుంచి చిప్ టెక్నాలజీ తీసుకున్నప్పుడు, తమ ఇంజనీర్లకి అక్కడే ట్రైనింగ్ ఇవ్వాలని షరతు పెట్టింది. ఆ పునాది మీదే 1987లో టీఎస్‌ఎంసీ పుట్టింది. ఇవాళ ప్రపంచం ఆ కంపెనీ ముందు క్యూ కట్టింది. పెద్ద కంపెనీ దేవుడు కాదు, రాక్షసుడూ కాదు. బేరగాడు. బేరం ఆడినవాడికి దొరుకుతుంది, దండం పెట్టినవాడికి ఫొటో దొరుకుతుంది.

మరి మనం ఏం అడగాలి?

1. గూగుల్, టీసీఎస్, కాగ్నిజెంట్, అదానీ, ఎవరితో అయినా సరే, ఒప్పందంలోని భూమి ధర, కరెంటు రేటు, రోజుకి ఎన్ని నీళ్లు, ఎన్ని కోట్ల రాయితీ అన్నవి తెలుగులో బయట పెట్టాలి.

2. రాయితీని శిలాఫలకానికి కాదు, పీఎఫ్ కడుతున్న ఉద్యోగుల సంఖ్యకి ముడిపెట్టాలి. ఇన్నేళ్లలో ఇన్ని ఉద్యోగాలు రాకపోతే భూమి వెనక్కి ఇవ్వాలి.

3. ప్రభుత్వ భూమి, రాయితీ తీసుకున్న ప్రతి కంపెనీలో, కాంట్రాక్టు పనులతో సహా, ఎస్టీలకి కనీసం రాష్ట్ర రిజర్వేషన్ 6 శాతం షరతుగా రాయాలి. "ప్రైవేటులో రిజర్వేషన్ చట్టం లేదు" అంటారు. 99 పైసలకి భూమి ఇమ్మని ఏ చట్టం చెప్పింది? షరతు పెట్టటానికి మనసుంటే చాలు.

4. పంప్డ్ స్టోరేజీ ఏదైనా సరే, గ్రామసభ నిజంగా కూర్చుని, మన భాషలో విని, ఒప్పుకుంటేనే. హాజరు పట్టీ మీద సంతకాలు తీర్మానం కాదు. 1997 సమతా తీర్పులో షెడ్యూల్డ్ ఏరియా గనుల లాభంలో కనీసం 20 శాతం అక్కడి జనం అభివృద్ధికి పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది. కొండ నుంచి తీసే కరెంటుకీ అలాంటి వాటా ఉండాలి.

5. పాడేరు, పార్వతీపురం, సీతంపేట, రంపచోడవరం ఐటీడీఏల పరిధిలో ఐటీఐ, పాలిటెక్నిక్‌లలో డేటా సెంటర్ ఎలక్ట్రికల్, కూలింగ్, ఫైబర్ పనుల ట్రైనింగ్ ఇప్పుడే మొదలుపెట్టాలి, కంపెనీల ఖర్చుతో. భవనం లేచాక కాదు.

6. జీవో 3కి బదులుగా గట్టి చట్టం తేవాలి. టీచరు ఉన్న బడి లేకుండా మిగతావన్నీ మాటలే.

ఇవి అడగటానికి ఎవరో నాయకుడు రావాలని ఎదురు చూడొద్దు. మన దగ్గర ఫోన్ ఉంది, సమాచార హక్కు చట్టం ఉంది. సెలవులకి ఊరెళ్లినప్పుడు మీ పంచాయతీలో సర్వే రాళ్లు పాతారా, గ్రామసభ తీర్మానం అని ఏదైనా రాశారా, ఎవరెవరు సంతకం పెట్టారు, కాపీ అడిగి తీసుకోండి. ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. పెద్దవాళ్లకి చదివి వినిపించండి. ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేసే రోజులు మన తరంతో ఆగిపోవాలి.

సముద్రం కింద కేబుల్ సింగపూర్ నుంచి వచ్చినా, ఇంకెక్కడి నుంచి వచ్చినా రానివ్వండి. ఆ కేబుల్ నుంచి అనంతగిరి గూడేనికి ఎంత దూరం అని అడిగే హక్కు మనకుంది. కొండ నుంచి నీళ్లూ, కరెంటూ, ఖనిజమూ కిందికి దిగటానికి దారులు ఎప్పుడో వేశారు. పైకి ఎక్కేది ఏటి? ఈ ప్రశ్నకి జవాబు వచ్చేదాకా చప్పట్లు కొట్టే తొందర మనకి లేదు.

మీ మండలంలో పరిస్థితి ఏంటో కామెంట్లలో రాయండి. మన పిల్లలందరికీ చేరేలా షేర్ చేయండి.

జై ఆదివాసీ. జోహార్.